నలభై నిమిషాలు

గొర్రె కాలేయాన్ని గాజు సీసాలో పెట్టుకుని
బడికి వెళ్తున్నాను.
పక్క సీటులో, బెల్టు కట్టించుకుని,
గతుకు గతుక్కీ అది తల ఊపుతోంది.
గాలి బండిని పక్కకి తోస్తోంది.
పటగోనియాలో గాలికి ఆదివారం లేదు.

పదకొండేళ్లుగా ఇదే దారి.
ఆరు వారాలకోసారి కుక్కకో మాత్ర,
జున్నుముక్కలో దాచి.
రిజిస్టరులో ఒక గీత, యజమాని సంతకం,
సంతకం రాకపోతే వేలిముద్ర.
"ఎందుకు డాక్టరమ్మా?" అని ఎవరైనా అడిగితే
"పురుగులకి" అనేదాన్ని.
అబద్ధం కాదు.
నిజంలోంచి గోరంత తుంచి వాళ్ల చేతిలో పెట్టి
మిగతాది బండిలో వేసుకుని వచ్చేసేదాన్ని.

ఉన్ని కత్తిరింపు రోజుల్లో ఒకసారి
ఎవుసేబియో గొర్రెను కోసి
ఊపిరితిత్తులూ కాలేయమూ కంచె మీదుగా విసిరాడు.
కూయెన్ గాల్లోనే అందుకుంది.
కాలేయం మీద తెల్లటి నీటిబుడగలు.
చూశాను.
చేతిలో మాతే బుర్ర వెచ్చగా ఉంది,
అతను నింపి ఇచ్చిందే.
వాళ్ల ఇంట తాగుతూ వాళ్ల అలవాటునెలా ఎంచడం?
మర్యాద అనుకున్నాను దాన్ని.

ఆ కూయెన్ మెడ చుట్టూ చేతులేసుకుని
నిద్రపోయేది అతని మనవరాలు మైతెన్.

ఎస్కేల్ ఆస్పత్రిలో
ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి
సర్జన్ అన్నాడు: బత్తాయంత.
ఏళ్లుగా పెరుగుతూ ఉండాలి, చప్పుడు చేయకుండా.
వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను.
రిజిస్టరులో ఆ ఏళ్లన్నీ నా చేతిరాతే.

"మీ తప్పేముంది ఒందీనా,
మీరు పశువుల డాక్టరు కదా" అన్నాడాయన.
కదా.
పశువుకీ పిల్లకీ మధ్య ఏ కంచె వేశారని?
గొర్రె పేగుల్ని నాకిన నాలుకే
పిల్ల బుగ్గనీ నాకింది.

బడిలో పదిహేడుమంది.
సీసా మూత తీయగానే ముక్కులు మూసుకుని
ఇంకా దగ్గరికి జరిగారు.
గొర్రెలోంచి కుక్కలోకి,
కుక్క కూర్చున్న గడ్డిలోంచి మళ్లీ గొర్రెలోకి,
నడుమ దాని బొచ్చు నిమిరి
కడగకుండా రొట్టె తుంచిన చెయ్యి.
సుద్దముక్కతో గీశాను, కుక్క మేకలా వచ్చింది.
తప్పు కుక్కది కాదు అన్నాను.
విసిరిన చేతిదా అంటే దానికి తెలియదు.
తెలిసిన నోరొకటి మూసుకుని కూర్చుంది,
ఇదిగో, ఇదే ఆ నోరు.

వెనక బెంచీ కుర్రాడొకడు బెదురుగా లేచాడు:
"కూయెన్‌ని చంపేస్తారా?"
"లేదురా. ఉడకబెడతాం, నలభై నిమిషాలు."
గది మొత్తం ఊపిరి బిగబట్టింది.
"కూయెన్‌నా!"
"కాలేయాన్నిరా నాయనా, కాలేయాన్ని!"
బల్లలు చరిచి చరిచి నవ్వారు.
ఇవాళ రాత్రి పదిహేడిళ్లలో
భోజనాల దగ్గర ఈ నవ్వు మళ్లీ వినబడుతుంది.
నా కరపత్రం ఏనాడూ అంతదూరం పోలేదు.

పొద్దు వాలాక ఎవుసేబియో ఇంటికెళ్లాను.
మైతెన్ మంచం ఖాళీగా ఉంది,
కుట్లు ఇంకా విప్పలేదు.
అంతా చెప్పాను, ఏ ఏడు ఏం చూశానో కూడా.
మా నాన్న విసిరాడు, వాళ్ల నాన్నా విసిరాడు అన్నాడు ముందు.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
"పదకొండేళ్లు నా మాతే తాగావు."
అంతే అన్నాడు.
తిట్టినా బాగుండేది.

లేచి, నల్లటి కుండ పొయ్యి మీద పెట్టాడు.
ఇంట్లో గడియారం లేదు.
"నలభై నిమిషాలంటే ఎన్ని బుర్రల మాతే?"
నాకూ తెలియదు.
ఒకటి తను, ఒకటి నేను,
నా చేతివాచీ మధ్యలో పెట్టుకుని
లెక్కపెడుతూ కూర్చున్నాం.

గడప దగ్గర కూయెన్.
ఎప్పుడూ గాల్లో ఎగురుతూ వచ్చేది
ఇవాళ మంట మీద ఎందుకు ఆగిపోయిందో తోచక
మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.
దానికి కూడా
కారణం చెప్పాలనిపించింది.